చారుమతి ఎక్కడుండిపోయింది?

అనకాపల్లి బెల్లం మండీ వెనక వీధిలో నూకరత్నం ఒక నాటకం విన్నదంటే, మర్నాటి మధ్యాహ్నానికి వీధి ఆడవాళ్లంతా విన్నట్టే. నక్కపల్లిలో మూడో తరగతి దాకా చదివి, చిన్నతనంలోనే బెల్లం వర్తకుడు గంగాధరానికి భార్యగా వచ్చిందామె. విన్న కథను గొంతులు మార్చి మార్చి చెప్పడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు గంగాధరం బ్యాటరీ రేడియో కొన్నాడు. ముందు గదిలో మగవాళ్లు కూర్చుని వినేవారు. నూకరత్నం తలుపు వెనక పీట వేసుకునేది.

ఆ సాయంత్రం కొత్త నాటకం. చారుమతి అనే పిల్ల, తండ్రి చేసిన కాలయంత్రం ఎక్కి మూడువందల ఏళ్లు వెనక్కి వెళ్తుందట, ఒక రాజు చేయబోయే యుద్ధాన్ని ఆపడానికి. నూకరత్నం పెందరాళే వంట ముగించి కూర్చుంది.

బాగానే మొదలైంది. యంత్రం ఘుమ్మంది, గుర్రాలు సకిలించాయి. అంతలో చారుమతి వెనకాలే ఆమె బావ కూడా దిగాడు. "నువ్వు ఇక్కడే ఉండు, నేను మాట్లాడి వస్తాను" అన్నాడు. ఇక బావ మాట్లాడాడు, రాజు మాట్లాడాడు, మంత్రి పద్యం పాడాడు. యుద్ధం ఆగిపోయింది. బావ యంత్రమెక్కి ఇంటికొచ్చాడు. మామగారు మెచ్చుకున్నారు. మంగళవాద్యం మోగింది.

నూకరత్నం తలుపు సందులోంచి తొంగిచూసింది. "ఏటండీ, ఆ పిల్లేది?"

"ఏ పిల్ల?" అన్నాడు గంగాధరం.

"చారుమతండీ. వచ్చిందా, అక్కడే ఉండిపోయిందా?"

"వచ్చే ఉంటాదిలే. యుద్ధం ఆగిపోనాది కదా, ఇంకేటి?"

మధ్యలో రేడియో గరగరమన్నప్పుడు తనే ఏదైనా మాట వదిలేసిందా? లేక చారుమతి మాట్లాడినా తనకే వినపడలేదా? ఆ రాత్రి పులుసులో బెల్లం రెండుసార్లు వేసింది. గంగాధరం ఒక ముద్ద తిని ఆమె వంక వింతగా చూశాడు.

మర్నాడు వీధి ఆడవాళ్లకు కథ చెబుతూ, బావ ఒక్కడే ఇంటికొచ్చిన దగ్గర ఆపేసింది. పక్కింటి కాసులమ్మ ఊరుకోలేదు.

"ఓలమ్మీ, ఆ పిల్లనక్కడ ఒగ్గేసి వచ్చేడేటి? మరేటయినాది?"

తెలీదనడానికి నూకరత్నానికి నోరు రాలేదు. "మరేటవుతాదప్పా, సారుమతి నిలబడమన్నకాడ నిలబడలేదు. రాజు ముందుకెల్లిపోనాది..." అంటూ మొదలెట్టింది. రాజుతో చారుమతి ఏమందో చెప్పింది. బావ చేతులు కట్టుకుని విన్నాడంది. ఆ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆమెకే అంతుపట్టలేదు. ఆడవాళ్లు మాత్రం కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

ఆర్నెల్లకు రేడియోలో ఆ నాటకం మళ్లీ ఆడారు. గంగాధరం ఊళ్లో లేడు. ఆడవాళ్లంతా ముందు గదిలోనే కూర్చున్నారు. ఈసారి గరగర లేదు, ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. చారుమతి దిగింది, బావ ఉండమన్నాడు, అంతే. మంగళవాద్యం మోగింది. తన బండారం బయటపడిపోయిందనుకుంది నూకరత్నం.

కాసులమ్మ రేడియో వంక కోపంగా చూసింది.

"ఈ డబ్బా అసలు సంగతే మరిసిపోనాది! అమ్మీ, దాన్ని కట్టేసి నువ్వు సెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. అది నాటకంలో లేదనీ, తను కల్పించిందనీ చెప్పెయ్యాలా? కానీ ఇన్నిసార్లు చెప్పాక, నిజంగా తనే కల్పించిందా అన్నది కూడా నూకరత్నానికి అయోమయంగానే ఉంది. లేచి రేడియో కట్టేసింది. పీట ముందుకు లాక్కుని కూర్చుని, కథ చెప్పడానికి గొంతు సవరించుకుంది.