రెండెడమ చేతుల చొక్కా

టైలరమ్మ ఇరవై రెండేళ్లుగా ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతోంది. సాయంత్రం నాలుగింటికి మాత్రం మిషను ఆపి, టీ కలుపుకుని, ఓ నోటుపుస్తకం తెరిచేది. టీ చల్లారేదాకా రాసుకునేది. ఆపైన గడగడా తాగేసి మళ్లీ పనిలో పడేది.

ఏం రాసేదంటారా? తను కుట్టిన బట్టలు గడప దాటాక ఏం వెలగబెడుతున్నాయో రాసేది. పిసినారి కంట్రాక్టరు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టనివ్వక అలగడం, గయ్యాళి గౌను బస్సులో సీటు కోసం పక్క గౌనుతో తగువు పడటం, అన్నీ అలాంటివే. రాస్తూ తనలో తనే నవ్వుకునేది. ఈవిడకేమైనా అయిందా అని భర్త ఒకటి రెండుసార్లు తొంగి చూసి, ఏమీ కాలేదని తేల్చుకుని ఊరుకున్నాడు.

ఊరుకోనివాడు మరిది. కాలేజీలో పాఠాలు చెబుతాడు, ఇంటికొచ్చినా అవే చెబుతాడు. ఓ ఆదివారం నోటుపుస్తకం అతని కంటపడింది. మొత్తం చదివేసి లేచి నిలబడ్డాడు.

"వదినా, దీన్ని పుస్తకంగా వెయ్యాల్సిందే! రోజుకి రెండు పేజీలు రాయి, మూడు నెలల్లో అయిపోతుంది."

"నాకెందుకయ్యా పుస్తకం? ఏదో టీ తాగుతూ కాలక్షేపం."

"కాలక్షేపం అనకు. నీలో ఎంత ఉందో నీకు తెలీదు."

మర్నాడే మిషను ఎదురుగా గోడకి టైంటేబులు అతికించాడు. ప్రతి ఆదివారం వచ్చి పేజీలు లెక్కపెట్టి ఎర్రసిరాతో దిద్దేవాడు. మనిషి బంగారం, అదే వచ్చిన చిక్కు. మంచి కోరి చేసేవాణ్ణి తిట్టడానికి ఆవిడకి నోరెలా వస్తుంది?

నెల తిరిగేసరికి, నాలుగు కొడుతోందంటే ఆమె గుండెల్లో రాయి పడేది. టీ చల్లారిపోయేది, పేజీ తెల్లగానే ఉండేది. తనకంటూ ఉన్న ఆ పావుగంటా చేజారిపోతోందని తెలిసినా మరిది మాట తీసెయ్యలేకపోయింది. ఆ ధ్యాసలోనే పోస్టుమాస్టరు చొక్కా కత్తిరించింది.

ఆయన వచ్చి తొడుక్కున్నాడు. ఎడమవైపు చక్కగా కుదిరింది. కుడి భుజం దగ్గర గుడ్డంతా మెలితిరిగింది.

"ఏంటమ్మా, ఈ చెయ్యి నా మాట వినట్లేదు?"

దగ్గరికెళ్లి చూసి కొయ్యబారిపోయింది. రెండో చేతికి నమూనా కాగితం తిరగెయ్యకుండానే కత్తెర వేసింది. రెండూ ఎడమ చేతులే! నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్లు చేసే తప్పు. సిగ్గుతో తలెత్తలేకపోయింది. పెద్దాయన మాత్రం అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "ఈ చేత్తో సంతకం పెడితే ఎవడిదవుతుందో!" అన్నాడు.

ఆమెకి నవ్వు ఆగలేదు. నెల తర్వాత వచ్చిన నవ్వు, కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చింది.

మిగిలిన గుడ్డలోంచి ఇంకో చెయ్యి కత్తిరించి, కుట్టి, ఆయన్ని పంపించింది. నాలుగింటికి టైంటేబులు వంక చూడకుండా కూర్చుని రాసేసింది.

ఆదివారం మరిది చేతిలో పెట్టింది ఆ ఒక్క పేజీనే. చొక్కాలోని రెండు ఎడమ చేతులూ మాకు కుడివైపు ఉద్యోగం వద్దని పోస్టాఫీసులో సమ్మె చేసిన కథ. మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎర్రపెన్ను మూత కూడా తియ్యలేదు.

"అద్భుతం వదినా! దీన్నే మొదట..."

"పుస్తకం వద్దయ్యా," అంది. "నువ్వా కాగితం అతికించిన దగ్గర్నుంచీ నాకు రాయడమంటేనే విసుగొచ్చేసింది. నాకున్నది ఈ ఒక్క సరదా. దీన్ని నాకొదిలెయ్యి."

మరిది మొహం చిన్నబోయింది. గోడ దగ్గరికెళ్లి టైంటేబులు తనే ఊడదీశాడు. దాన్ని మడుస్తూ మెల్లగా అన్నాడు:

"నేనూ రాసేవాణ్ణి వదినా. గొప్పగా ఉండాలని ఒక్కో వాక్యం వందసార్లు కొట్టేసి, చివరికి మానేశా. పదిహేనేళ్లయింది."

ఆ మాటకి ఆమె మనసు కలుక్కుమంది. ఇన్నాళ్లూ తనని తరిమినవాడు ఇంత దిగులు మోస్తున్నాడా! నోటుపుస్తకంలోంచి ఓ కాగితం చింపి, పెన్సిలు ఇచ్చింది.

"నువ్వూ ఒకటి రాసుకో. చెత్తగా రాయి. నాకు చూపించకు."

"చెత్తగానా?"

"నీ ఇష్టమొచ్చినంత చెత్తగా."

అతనికి వీపు పెట్టి మిషను ముందు కూర్చుంది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత పెన్సిలు కదిలింది. ఇంకాసేపటికి అతను లోలోపల అణుచుకుంటున్న నవ్వు కిసుక్కున బయటపడింది. టైలరమ్మ తనకేమీ వినబడనట్టు మిషను ఇంకాస్త జోరుగా తొక్కింది.