సరంగు గవరయ్య పరాకు

కొత్త విండోస్ వేసి ఇచ్చిన అయిదో రోజున సరంగు గవరయ్య లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని బేంబూఫ్లాట్‌లో ధనరాజు కంప్యూటర్ రిపేరు కొట్టుకు మళ్ళీ వచ్చాడు. మనిషి గుమ్మంలో ఉండగానే మాట లోపలికి వచ్చేసింది.

"ఏటి సేసేవురా ధనా దీనికి? వైరస్ ఉన్నప్పుడే నయం. ఇప్పుడు మజ్జిమజ్జిలో హ్యాంగైపోతంది."

"ఎంతసేపు మావయ్యా?"

"పది సెకన్లు, పన్నెండు. మళ్ళీ దానంతటదే లెగుస్తాది. నంబర్లు దూకేస్తన్నాయి. నలభై, ముప్పైతొమ్మిది, ముప్పైయెనిమిది... ఆ తరవాత ఇరవయ్యారు. మజ్జిలోవి ఏవైపోయినాయి, నువ్వు తినేసేవా?"

ఆ నంబర్ల మీదే గవరయ్య బతుకు ఆధారపడి ఉంది. హార్బరులో ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు మనుషుల్నీ స్కూటర్లనూ లారీలనూ దాటించే ఫెర్రీకి చుక్కాని పట్టేది ఆయనే. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ సరంగు పనే. అందుకు కావలసిన సర్టిఫికెట్టుకు ఈ నెలాఖరుతో గడువు తీరిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే ఆన్‌లైన్ పరీక్ష నెగ్గాలి. ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి నలభై సెకన్లు; మిగిలిన సెకన్లు తెర మీద అంకెల్లో తగ్గుతూ కనపడతాయి. జవాబులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. అయినా అంకెలు దూకేసరికి కంగారుపడి నమూనా పరీక్ష మూడుసార్లు తప్పాడు. రిటైరుమెంటుకు ఇంకా మూడేళ్ళుంది. చుక్కాని వదిలితే ఆ మూడేళ్ళూ ఏ స్టోరు గదిలోనో తాళ్ళు చుట్టుకుంటూ కూర్చోవాలి.

గవరయ్య తండ్రి శ్రీకాకుళం తీరంనుంచి చేపల వేటకు ఈ దీవులకు వచ్చి, బేంబూఫ్లాట్ పక్కనే హోప్ టౌన్‌లో స్థిరపడ్డాడు. కొడుక్కు అక్షరాలకన్నా ముందు ఆటుపోట్లు వచ్చాయి. మబ్బు పట్టి ఎదుటి జెట్టీ కనపడని రోజున కూడా ఆయన చుక్కాని దగ్గర ఉన్నాడంటే జనం నిశ్చింతగా బఠాణీలు నములుతూ కూర్చునేవాళ్ళు. ధనరాజు భార్యకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చిన రోజున, ఎవరి అనుమతి కోసమూ చూడకుండా ఖాళీ ఫెర్రీ తీసి, ఆస్పత్రి ఉన్న ఆవలి ఒడ్డుకు చేర్చింది ఆయనే. అలాంటి మనిషి పని తన చేతిలో చెడిందంటే ధనరాజుకు తల కొట్టేసినట్టయింది.

తప్పు తాను వేసిన విండోస్‌దే అయి ఉంటుందని మొదలుపెట్టాడు. వెనకాల దిగే అప్‌డేట్లు ఆపాడు. డ్రైవర్లు మార్చాడు. కరెంటు పొదుపు సెట్టింగు తీసేశాడు. హార్డ్ డిస్కు బాగానే ఉందని తేలినా నమ్మక తన దగ్గరున్నది బిగించాడు. ఏ లోపం వచ్చినా సిస్టం తనకు తానే రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. హ్యాంగైన వేళలు గవరయ్య కాగితం మీద రాసి ఇస్తే ఆ వేళలకు అందులో వెతికాడు. ఏమీ లేదు. తెర మీద గడియారం పెట్టి రోజంతా ఫోన్‌తో వీడియో తీశాడు. ఒక్క సెకను కూడా తడబడలేదు.

లాప్‌టాప్ తీసుకెళ్ళిన రెండు రోజులకు గవరయ్య మళ్ళీ దిగాడు. "నీ కొట్లో బుద్ధిమంతుడు, మా ఇంటికొస్తే మొండికేస్తాడు. అచ్చం మా అల్లుడు బాపతు."

ఇంట్లో కరెంటు సరిగా లేదేమోనని ఆదివారం పొద్దున ధనరాజే హోప్ టౌన్ వెళ్ళాడు. గవరయ్య నమూనా పరీక్ష తెరిచాడు. తెరా, ఆయన చెయ్యీ, సగం మొహమూ కనపడేలా ధనరాజు ఫోన్‌ను మంచినీళ్ళ చెంబుకు ఆనించి రికార్డింగు నొక్కాడు. పది ప్రశ్నలు పడవ జారినట్టు జారిపోయాయి. పదకొండోది, రాత్రిపూట ఎదురొచ్చే ఓడ దీపాల గురించి. గవరయ్య వేలు మౌసు మీద ఆగింది.

ముప్పైనాలుగు. ముప్పైమూడు. ముప్పైరెండు.

అంకెలు నడుస్తూనే ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు లేదు. పెదవులు ఏదో నమిలినట్టు చిన్నగా చప్పరించాయి. ఎడమ బొటనవేలు బల్ల అంచును రుద్దుతోంది. ధనరాజు "మావయ్యా" అన్నాడు. పలుకు లేదు. ఇరవై రెండు దగ్గర మౌసు కదిలింది.

"సూసేవా? దూకింది."

ధనరాజు రికార్డింగు ఆపాడు. చెంబు నింపే మిషతో వంటింట్లోకి వెళ్ళాడు. గవరయ్య భార్య కాసులమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"నువ్వూ సూసేవా?" అంది నెమ్మదిగా. "పోయిన వానలప్పట్నుంచీ అలాగే. ముద్ద సేతిలోనే ఉండిపోద్ది. పిలిస్తే పలకరు. ఏదో పరాకులే అనుకున్నాను. నామీద కోపమేమో అని నేను కూడా నెల్లాళ్ళు మాటాడ్డం మానేశాను బాబూ."

పోయిన నెల గవరయ్య నడుపుతున్న ఫెర్రీ జెట్టీకి గట్టిగా ఒరుసుకుంది. అందరూ నీటి వడిని తిట్టారు. గవరయ్య కూడా తిట్టాడు. ఆ రోజు ధనరాజు డెక్కు మీదే ఉన్నాడు, స్కూటరు ముందు కూతుర్ని నిలబెట్టుకుని.

మదర్‌బోర్డు పోయిందని చెప్పేయొచ్చు. పరీక్ష తప్పుతాడు, సర్టిఫికెట్టు పోతుంది, సంగతి ఎవరికీ తెలియదు. కాని నెలాఖరుకు ఇంకా పందొమ్మిది రోజులుంది. రోజుకు ఎనిమిది ట్రిప్పులు. ధనరాజు ముందుగదిలోకి వచ్చి ఫోన్ గవరయ్య చేతిలో పెట్టాడు.

గవరయ్య వీడియో చూశాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"అంకెలు ఆగనేదు."

"నేదు మావయ్యా. మెషీను ఆగనేదు."

"నోరెందుకలా ఆడిస్తన్నాను?"

ధనరాజు లాప్‌టాప్ మూత మూశాడు. గవరయ్య, "దానికి కొత్తది వేసేవు కదా, నాకూ ఒకటి వేసీరాదేటి?" అన్నాడు. తానే నవ్వబోయి మానేశాడు. "ఎవరికన్నా సెప్పేవా?"

"నేదు. రేపు చుక్కాని పట్టకు మావయ్యా. పడితే నేనే ఆఫీసుకెళ్ళి సెప్పీవాలి."

గవరయ్య అతనికేసి చాలాసేపు చూశాడు. కన్నుగుడ్డు కదుల్తోంది గనక అది పరాకు కాదు, చూపేనని ధనరాజు గ్రహించి తల దించుకున్నాడు.

"సరే. జ్వరమని సెప్తాను. రెండ్రోజులు పడుకుంటే అదే పోద్ది," అని ఫెర్రీ ఆఫీసులో డ్యూటీలు వేసే బాబుకు ఫోన్ చేశాడు. "హలో సాబ్, గవరయ్యా. బుఖార్ హై. కల్ నహీ ఆయేగా."

అవతలి గొంతు గదిలోకి వినిపించింది. "అరే, ఆప్‌కో బుఖార్? కిత్నే దిన్?"

ఎన్నాళ్ళో గవరయ్య చెప్పలేదు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. పెదవులు చప్పరిస్తున్నాయి. "హలో? సరంగ్ సాబ్?" అంటోంది గొంతు. కాసులమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆయన వేళ్ళలోంచి ఫోన్ మెల్లగా తీసుకుంది.

"బుఖార్ నహీ హై సాబ్," అంది. "మెలకువగానే ఉంటారు, ఉన్నట్టుండి ఆగిపోతారు. సమఝే? అభీ భీ ఐసా హీ హై, ఇప్పుడూ అలాగే ఆగిపోయారు. ఉన్‌కో చుక్కాని మత్ దేనా, ఇవ్వొద్దు. అస్పతాల్ లే జాతీ హూఁ."

 ఆమె ఫోన్ పెట్టేసింది.

గవరయ్య కళ్ళలోకి వెలుగు వచ్చింది. చెవి దగ్గర ఖాళీ గుప్పిట అలాగే ఉంది.

"దో దిన్ సాబ్," అన్నాడు అందులోకి. "బస్, దో దిన్."