సుధాకరరావు చూపించిన జర్మనీ తోట

సుధాకరరావు మంచివాడే. ఉన్నది ఒక్కటే రోగం: జర్మనీలోని ఆ తోట గురించి ఇంకో మనిషిని నోరు విప్పనివ్వడు.

దోహాలో ఆయనా, నిజామాబాద్ రఫీయుద్దీనూ ఒకే పంపుల కంపెనీలో ఇంజనీర్లు. తొంభై మూడులో కంపెనీ ఇద్దరినీ ట్రైనింగుకని జర్మనీ పంపింది. అక్కడేదో రెండొందల ఏళ్ళనాటి రాజుగారి తోట. తిరిగొచ్చి మూడేళ్ళయినా సుధాకరరావు అందులోంచి బయటపడలేదు. అబూ హమూర్ పేటలోని ఆయనింటికి టీకి వచ్చినవాళ్ళు కప్పు కింద పెట్టేలోపు తోటంతా తిరిగి రావాల్సిందే.

"చెరువు తవ్వించిందే గాని, దేవుడిచ్చినట్టే ఉంటుందండీ! పక్కన పాడుబడ్డ కోట. దాన్ని పాడుబడ్డట్టే కొత్తగా కట్టించాడు రాజు!"

"ఊళ్ళో మా ఇల్లు చూపిస్తే ఆ రాజుకు ఖర్చు తప్పేదిగా!" అనేవారెవరో.

"మీకు తెలీదు, ఊరుకోండి. కొండ కూడా మట్టి పోసి చేసిందే!"

ఆయన భార్య ఇంద్రజకు ఇదంతా కంఠతా వచ్చేసింది. ఆయన మాటల్లో తోట వంతెన దాటితే కుక్కర్ దించేది, కోట దగ్గరికొస్తే పోపు పెట్టేది.

ఆమెను మండించేది ఇంకొకటి. పక్కనే కూర్చున్న రఫీయుద్దీన్‌ను ఎవరైనా "మీరూ వెళ్ళారుగా, ఎలా ఉంది?" అంటే చాలు, సుధాకరరావు మధ్యలో దూకేవాడు. "నువ్వుండవయ్యా రఫీ, నేను చెప్తాను!" పాపం రఫీయుద్దీన్ తలొంచుకుని బిస్కెట్టు నమిలేవాడు.

"అతనూ కళ్ళున్న మనిషేగా, ఒక్కసారి చెప్పనివ్వచ్చుగా?" అనేది ఇంద్రజ.

"వాడికి వర్ణించడం రాదే!"

ఆఖరికి తోట కూడా ఈయనొక్కడిదేనా అని ఇంద్రజకు ఒళ్ళు మండిపోయేది.

ఓ శుక్రవారం కంపెనీ జర్మన్ మేనేజరు భోజనానికి వచ్చాడు. ఆ తోట ఆయన సొంత ఊళ్ళోదే. అప్పట్లో అక్కడే ఉండి, వీళ్ళిద్దరికీ తోట టిక్కెట్లు కొనిచ్చి పంపిందీ ఆయనే. రఫీయుద్దీన్ కూడా వచ్చాడు. ఈవేళైనా ఇతనికి మాట్లాడే అదృష్టం కలిగించాలని ఇంద్రజ కంకణం కట్టుకుంది. "పెరుగు చాలదండీ, కింద కొట్టుకెళ్ళి తెండి" అని మొగుణ్ణి తరిమేసింది.

తలుపు పడిందో లేదో రఫీయుద్దీన్ వంటింటి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు.

"భాభీ, అన్నను ఎందుకు పంపినవ్? సాబ్ తోట ముచ్చట తీస్తుండు!"

"తీస్తే చెప్పు. ఇవాళ నిన్ను ఆపేవాళ్ళెవరూ లేరు."

"ఏం చెప్పాలె? నేను తోట చూడనే లేదు! అన్న సుత చూడలే!"

ఇంద్రజ గరిటె కింద పెట్టింది.

"ఆ దినం నాకు కిడ్నీల రాయి నొప్పి లేసింది. అప్పుడు నేను కొత్త. కంపెనీకి తెలిస్తే అన్‌ఫిట్ అని ఇంటికి పంపుతరని ఏడ్చిన. అన్న తోట కోసం కొత్త బూట్లు కొన్నడు, కెమెరాల రీల్ వేసిండు. అయినా గడప దాటలే. పొద్దుమూకేదాక నా పక్కనే కూసొని నీళ్ళు తాపిండు. తెల్లారి సాబ్ అడిగితే పోస్టుకార్డు బొమ్మలు చూసి చెప్పిండు. ఎవలకూ చెప్పనని నాకు మాటిచ్చిండు. నాకు అబద్ధమాడ రాదు భాభీ, మొకంలనే తెలుస్తది. మొన్ననే అబద్ధమాడిన స్టోర్‌కీపర్‌ను సాబ్ ఇంటికి పంపిండు. తెలిస్తే ఇద్దరికీ టికెట్టే!"

ఇంద్రజకు మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. మూడేళ్ళు తనకూ అదే తోట చూపించినందుకు కోపమూ వచ్చింది. రెండూ తర్వాత చూసుకోవచ్చని కొంగు దోపుకుని, రఫీయుద్దీన్‌ను వెంటబెట్టుకుని హాల్లోకి నడిచింది.

"రఫీ, నీకు అన్నిటికన్నా ఏం నచ్చింది?" అని అడిగాడు మేనేజరు.

"అతనికి మొహమాటమండీ, నేను చెప్తాను" అని ఇంద్రజ అందుకుంది. వచ్చిన ఇంగ్లీషులో చెరువు, కోట, కొండ అన్నీ తిప్పింది. ఆ ఊపులో వంతెన కింద నల్లహంసల్ని కూడా వదిలింది.

"నల్లహంసలా?" మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "నా చిన్నప్పుడు ఉండేవి! మళ్ళీ తెచ్చారన్నమాట. ఎంత మంచి కబురు చెప్పారండీ!"

అప్పుడే పెరుగుతో లోపలికొచ్చిన సుధాకరరావు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అతిథులు వెళ్ళగానే భార్య మీద విరుచుకుపడ్డాడు. "నల్లహంసలెక్కడివే? నేనెప్పుడైనా చెప్పానా? నా తోటలో నీ ఇష్టం వచ్చినవి వదిలేస్తావా?"

"ఏం, మీరు మాత్రం చూశారా?" అంది ఇంద్రజ.

"రఫీ చెప్పాడా?" అన్నాడు సుధాకరరావు మెల్లిగా.

"చెప్పాడు. కూర్చోండి, మీరింకా సరిగ్గా అన్నం తినలేదు" అని ఇంద్రజ నవ్వుతూ ఆయనకు మళ్ళీ కంచం పెట్టింది.