పదహారు రోజుల ఊట

నిన్న పొద్దున నీళ్ళ క్యాన్ అతను వెళ్ళిపోయాక, గాజు గ్లాసులో కొంచెం నీళ్ళు పట్టి కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చూశాను. మా ఆయన పేపరు కిందికి దించి, "ఇంక నీ కట్ట ఏదీ తెగేది లేదు, తాగు" అన్నారు. ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయినా నాకీ అలవాటు పోలేదు. కూరగాయలమ్మి తూకం వేస్తుంటే తక్కెడ కింద ఏముందో వంగి చూస్తాను. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు లేస్తాను. ఫోనులో ఎవరైనా మర్యాదగా మాట్లాడితే వీడికి నాతో ఏం పనో అనుకుంటాను. ఉద్యోగం నేర్పిన జాగ్రత్త అని నేను చెప్పుకుంటాను. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ, అది పుట్టుకతో వచ్చిన రోగమని కోవిల్పట్టిలో మా వీధి వీధంతా చెప్పింది. ఏదైతేనేం, గ్లాసులో నీళ్ళు తేటగానే ఉన్నాయి. తాగాను గానీ, గొంతు దిగుతుంటే ఎప్పటిలాగే చిన్నాయన గుర్తొచ్చాడు.

నేను నీటి శాఖలో ఇంజనీరుగా పనిచేసినదాన్ని. చివరి ఏళ్ళలో నా చేతికింద ఉన్నవాటిలో ఒకటి, ఏళాయిరంపన్నై వైపు లోపలికి తిరిగి పోతే వచ్చే చిన్న మట్టి ఆనకట్ట. పేరు చెప్పను, చెబితే ఇప్పుడున్న ఇంజనీరు ఫోను చేసి కారణం అడుగుతాడు. చుట్టూ నల్లరేగడి. బోరు వేస్తే పడేవి ఉప్పునీళ్ళు, వాటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆనకట్ట కింద కొన్ని వందల ఎకరాల ఆయకట్టు, ఒక పల్లె. పల్లెలో అందరూ ఒకే వంశం వాళ్ళు, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మట్టికట్ట ఎంత బాగా కట్టినా అడుగునుంచి కొంచెం నీరు ఊరుతూనే ఉంటుంది. అది తేటగా ఉండి, రోజూ ఒకే లెక్కన వస్తుంటే భయం లేదు. ఉన్నట్టుండి పెరిగినా, మట్టి రంగు తిరిగినా కట్ట లోపల కరుగుతోందని అర్థం. అందుకని ఆ ఊటనీరంతా కట్ట కింద ఒక సన్నటి కాలవలోకి చేర్చి, దానికి అడ్డంగా మధ్యలో గాడి కత్తిరించిన ఇనప పలక ఒకటి పెడతారు. గాడిలో నీళ్ళు ఎంత ఎత్తున పారుతున్నాయో రోజూ పొద్దున్నే కొలిచి రిజిస్టరులో రాయాలి. రాసేది ఆనకట్టకి కాపలా ఉండి షట్టర్లు తిప్పే లస్కరు, సంతకం పెట్టేది నేను.

ఆ లస్కరే చిన్నాయన. మొదటిరోజు నేను తమిళంలోనే మాట్లాడాను. నా యాస పట్టుకుని, "మనోళ్ళా?" అన్నాడు. ఒట్టపిడారం పక్కన మా ఊరు, ఇంటిపేరు, అవ్వగారి పుట్టిల్లు అన్నీ అడిగి, అయిదు నిమిషాల్లో నన్ను తన అన్న కూతురి వరస చేసేశాడు. నలుగురిలో మేడం అనేవాడు, ఎవరూ లేకపోతే పాప అనేవాడు. నాకు ఆ చుట్టరికం ఎంతమాత్రం నచ్చలేదు. చుట్టరికం కలిపే సిబ్బందిని చూస్తే నాకు మొదట వచ్చే ఆలోచన, ఈయన ఏదో దాస్తున్నాడని. పైగా ఆయనకి ఆయకట్టులో ఎకరం మడి ఉంది. నీళ్ళు వదిలేవాడికే మడి ఉండటమేమిటి? రిజిస్టరు చూస్తే ఏళ్ళ తరబడి ఒకే అంకె, కాస్త అటూ ఇటూగా. ఇంట్లో కూర్చుని రాస్తున్నాడనుకుని ఒకటి రెండుసార్లు చెప్పకుండా వెళ్ళి కొలిచాను, అంకె సరిపోయింది. నేను వస్తున్నట్టు ఎవరో ముందే చెప్పి ఉంటారనుకున్నాను. అప్పటికి ఆయన కొలిచి అయిదు నిమిషాలైనా కాలేదన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. పలకకి ఎగువన, కాలవ గట్టు మీది బురదలో గుండ్రటి గుర్తులు కనిపించేవి. కడవల అడుగులని ఎవరికైనా తెలుస్తుంది, నేనూ కడవ మోసి పెరిగినదాన్నే. కానీ నా బుర్ర అక్కడికి పోలేదు, ట్యాంకరు లారీల దాకా పోయింది. తాయిల్పట్టి టపాకాయల షెడ్లకి ఈయన నీళ్ళు తోలిస్తున్నాడని తీర్మానించి, లోపలికి ఎవరూ రాకూడదని, వస్తే కేసు పెడతామని పెద్ద బోర్డు పెట్టించాను. చిన్నాయనే గుంతలు తవ్వి దాన్ని నిలబెట్టాడు. ఒక్క మాటా అనలేదు. అదీ నాకు అనుమానంగానే తోచింది.

ఆ ఏడు కార్తీకంలో మంచి వానలు పడి ఆనకట్ట నిండింది. పాత ఆనకట్టలని బాగుచేసే పెద్ద పథకం ఒకటి అప్పుడే మొదలవుతోంది. ఎక్కడెక్కడ లోపాలున్నాయో రాసి పంపమని చెన్నై నుంచి కాగితాలు వచ్చాయి. మా ఆనకట్ట కూడా ఆ జాబితాలో చేరితే బాగుండునని నాకు లోపల ఆశ ఉండేది. ఈ సంగతి అప్పుడు ఎవరితోనూ అనలేదు. ఆయకట్టులో వరి పొట్ట మీద ఉంది, ఇంకొక్క తడి అందితే చాలు. అలాంటి సమయంలో చిన్నాయన సొంత అన్న పోయాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద ఆయన. చిన్నాయన ఒక్కరోజు సెలవు పెట్టి, మర్నాడే పనిలోకి వచ్చాడు. నేను అయ్యో పాపం అని, ఎన్నేళ్ళని అడిగి, రిజిస్టరు తెమ్మన్నాను. తెరిస్తే ఊట రెట్టింపయి ఉంది.

పరుగున కాలవ దగ్గరికి వెళ్ళాను. నిజమే, గాడి నిండా నీళ్ళు. సీసాలో పట్టి ఎండకి ఎత్తి చూస్తే తేటగానే ఉన్నాయి, కానీ బురద కనబడేదాకా ఆగితే అప్పటికి కట్ట ఉండదని మాకు చదువులో చెప్పారు. రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. రోజూ అదే రెట్టింపు. చిన్నాయన వరస కూడా మారింది. ఇంతకుముందు పలక పక్కన గొంతుక్కూర్చుని, పారే నీళ్ళలో వేలు పెట్టి చూసి మరీ కొలిచేవాడు. ఇప్పుడు దూరంగా నిలబడి, స్కేలుని ఒక కర్రకి కట్టి, దాన్ని చాచి కొలుస్తున్నాడు. గడ్డం పెంచాడు. నీళ్ళు కాలికి తగలకుండా పక్కకి జరుగుతున్నాడు. లోపల ఏదో కూలబోతోందని ఈయనకి తెలుసు, భయపడి దగ్గరికి పోవడంలేదు అనుకున్నాను. తాయిల్పట్టి వైపు టపాకాయలు పరీక్షిస్తున్న చప్పుడు వినపడితే కట్ట వైపు తిరిగి చూసేదాన్ని. కట్ట తెగితే కింద పల్లె ఉండదు. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు, అది మాత్రం నిజం.

ఆయన అన్న పోయిన పన్నెండో రోజున, కట్ట మీద బరువు తగ్గించడానికి రేపు షట్టర్లు ఎత్తి నీళ్ళు ఏటిలోకి వదిలేద్దామని చెప్పాను. చిన్నాయన అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"పాప, షట్టరు ఎత్తొద్దు. ఊట జాస్తి అయింది లేదు. తోడేవాళ్ళు రాలేదు, అంతే దా."

అప్పుడు చెప్పాడు మొత్తం. పల్లెలో వంటకీ తాగడానికీ ఆ ఊటనీరే. ఆడవాళ్ళు తెల్లవారకముందే వచ్చి, పలకకి ఎగువన ఉన్న చెలమలోంచి నలభై యాభై కడవలు తోడుకుపోతారు. వాళ్ళు వెళ్ళాక మిగిలిందే పలక దాటేది, చెలమ మళ్ళీ నిండేలోపు ఆయన కొలిచేది అదే. ఆ చెలమ వాళ్ళ ఇలవేల్పుది. వంశంలో పెద్దవాళ్ళు పోతే ఊరంతటికీ అంటు, పదహారో రోజు దాకా ఆ నీళ్ళని ఎవరూ ముట్టుకోరు, ఉప్పునీళ్ళే తాగుతారు. అన్న పోయిన మర్నాటి నుంచి అందుకే గాడి నిండింది. ఆయన కర్ర చాచి కొలిచేదీ అందుకే.

"మరి ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు బోర్డు పెట్టినావే. చెప్తే కంచె వేసేస్తావని బయం. పదారో దినం కారియం అయిపోతే వాళ్ళు వస్తారు, నువ్వే చూడు. నాలుగు దినాలు ఆగు పాప. నాలుగే దినాలు."

నేను నమ్మలేదు. ఎకరం మడి ఉన్న ఏ మనిషైనా ఈ మాటే అంటాడు కదా. నిజంగా అంత సులువైన కారణమైతే పన్నెండు రోజులు కడుపులో పెట్టుకుంటాడా? ఇవి నాకు నేను చెప్పుకున్న కారణాలు. అసలు కారణం వేరే ఉంది, అది ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఆయన మాట నిజమైతే, నేను సంతకం పెట్టిన అన్ని ఏళ్ళ అంకెలూ తప్పే. అంతకంటే కట్టలో లోపం ఉందని నమ్మడమే నాకు హాయిగా ఉండింది. కూలీలని పిలిచి నలభై కడవలు తోడించి చూస్తే ఒక్క పూటలో తేలిపోయేది. పల్లెలోకి వెళ్ళి ఒక్క ఆడమనిషిని అడిగినా తేలిపోయేది. అంటు రోజుల్లో మా అమ్మ మంచినీళ్ళ బావి వైపు పోనిచ్చేది కాదు, ఆ సంగతి కూడా నాకు తట్టలేదు. పై అధికారికి ఫోను చేస్తే, నియమం ప్రకారం చేయమన్నాడు. నియమం నా వైపే ఉంది.

మర్నాడు షట్టర్లు ఎత్తాం. ఆ చక్రం తిప్పింది చిన్నాయనే, అది ఆయన ఉద్యోగం. పొలాల కాలవ చిన్నది, అంత నీళ్ళు పట్టదు, అంతా ఇసక ఏటిలోకే పోయింది. రైతులు కట్ట మీద వరసగా నిలబడి చూశారు. ఒకాయన మాత్రం, ఇంకొక్క తడికి ఉంచమ్మా అని రెండు చేతులూ జోడించాడు. ఊరి ప్రాణాల కోసమే చేస్తున్నానని ఆయనకి వివరంగా చెప్పాను. విని తలూపాడు. నాలుగు రోజుల్లో ఆనకట్ట తూము మట్టానికి దిగిపోయింది.

పదిహేడో రోజు ఇంకా చీకటి ఉండగానే జీపు దూరంగా ఆపించి నడిచి వెళ్ళాను. నిజం చెబుతున్నాను, చిన్నాయన అబద్ధాన్ని పట్టుకోవడానికే వెళ్ళాను. కాలవ దగ్గర పలక మీద నీళ్ళు ఇంకా ఎత్తుగానే ఉన్నాయి, ఆనకట్ట అంత ఖాళీ అయినా కాస్తే తగ్గాయి. కాసేపటికి ఆడవాళ్ళు వచ్చారు. తలంటుకున్న జుట్టు ముడులు, నడుముల మీద కడవలు. నన్ను చూసి ఆగారు. చిన్నాయన వాళ్ళకి చేత్తో సైగ చేశాడు, కానివ్వండని. ఒక్కొక్కరే చెలమలో ముంచుకున్నారు. నేను పలక దగ్గరే కూర్చున్నాను. ఒక్కో కడవకీ గాడిలో నీళ్ళు దిగుతూ వచ్చి, నేను ఏళ్ళ తరబడి సంతకం పెట్టిన పాత అంకె దగ్గర నిలిచాయి. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తాగు పాప. ఉప్పు ఉండదు."

తాగాను. ఆమె మొహంలో కోపం కోసం వెతికాను. కనబడితే కొంత నయంగా ఉండేది.

రిజిస్టరు రాసే వేళకి చిన్నాయన ఒక్కటే కోరాడు, ఆడవాళ్ళ సంగతి కాగితం మీద పెట్టొద్దని. సరే అన్నాను. నీటిమట్టం తగ్గించిన మీదట ఊట తగ్గిందని రాసి సంతకం పెట్టాను. వాళ్ళ నీళ్ళు కాపాడటానికి రాశానా, నా తప్పు కప్పుకోవడానికి రాశానా అని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ నా జవాబు నేనే నమ్మను. సమయానికి చర్య తీసుకున్నానని పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ఆయకట్టులో వరి తాలు పోయింది, చిన్నాయన తన ఎకరం కోసి గొడ్లకి వేశాడు.

నేను రాసిన ఆ ఒక్క వాక్యంతో మా ఆనకట్ట ఊట లోపం ఉన్నదిగా జాబితాలోకి ఎక్కింది. మరుసటి ఏడు యంత్రాలు వచ్చాయి. కట్ట పొడవునా బోర్లు వేసి లోపలికి సిమెంటు పాలు ఎక్కించారు. ఆ పని దగ్గరుండి నడిపించింది నేనే. లోపం లేదని అప్పుడు చెప్పాలంటే ముందు నా సంతకం తప్పని చెప్పాలి, చెప్పలేకపోయాను. పని చాలా బాగా జరిగింది. నెల తిరక్కుండా ఊట పూర్తిగా ఆగిపోయింది. చెన్నై వాళ్ళు వచ్చి ఎండిన పలకని ఫోటో తీసుకున్నారు. ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఖాళీ కడవలతో వచ్చి చెలమలో చెయ్యి పెట్టి చూసి వెళ్ళేవాళ్ళట. తర్వాత రావడం మానేశారు.

చిన్నాయన మాత్రం రిటైరయ్యేదాకా రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ ఎండిన పలక దగ్గర స్కేలు పెట్టి, రిజిస్టరులో సున్నా రాశాడు. నేను రోజూ దానికింద సంతకం పెట్టాను. ఒక్కనాడూ నన్ను నిష్ఠూరమాడలేదు. పక్కన ఎవరూ లేనప్పుడు కూడా మేడం అనడం మొదలుపెట్టాడు, అంతే. ఆయన నన్ను అడిగింది నాలుగు రోజులు. పన్నెండేళ్ళు గడిచిపోయాయి గానీ, నాకు ఆ నాలుగు రోజులు ఇంకా గడవలేదు.