మెడ మీది ఎర్ర గీత

ఆమెను అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. తూంకుంటలో దర్జీ. శామీర్‌పేటలో చిన్న వైద్య పరికరాలు చేసే మాలాంటివాళ్లకు సర్కారు శిక్షణ పెడితే, రోజూ కుడిచెయ్యి పట్టీతో మెడకు వేలాడేసుకుని వచ్చేది. చెయ్యి విరిగిందనుకుని ఆమె టిఫిన్ డబ్బా మూత నేనే తీసేవాణ్ణి. వారం గడిచాక నవ్వేసింది.

"చెయ్యి మంచిగనే ఉంది భయ్యా. నేను కుట్టిన పట్టీ ఏడ ఒరుసుకుంటాందో చూస్తున్న."

ఆఖరి రోజు, నిధులు ఎవరికివ్వాలో తేల్చే ఇంటర్వ్యూ.

"పరీక్ష రిపోర్టు ఏదమ్మా?" అన్నాడు అధికారి.

ఆపా దుపట్టా జరిపి మెడ మీద కమిలిన గీత చూపించింది.

"మొదటి పట్టీది గిది సార్. మార్చి కుట్టినంక ఇగ ఒరుసుకుంటలేదు."

తర్వాతి వంతు నాది. నా ఫైలు చాలా లావుగా ఉంది. అందులో రాసిన, నేను తయారుచేసిన నడుం బెల్టును మాత్రం నేను ఒక్క పూటైనా కట్టుకుని చూడలేదు.