కాలర్‌లో పడ్డ ఖాళీ తూటా

మా కానిస్టేబుళ్ల బ్యాచ్‌లో వనపర్తికి పడింది ఇద్దరమే. నాది తిమ్మాజిపేట, వాడిది మానవపాడు. ఒకటే గది, ఒకటే స్టౌ. తొంభైల మొదట్లో మా స్టేషన్‌కు ఒకే ఒక్క ఎస్సెల్లార్ తుపాకి వచ్చింది. దాన్ని వాడికిచ్చారు. నాకు పాత త్రీనాట్‌త్రీయే మిగిలింది.

నేను ఒక్కో గుండుకూ బోల్టు లాగి తోయాలి. వాడు ట్రిగ్గర్ నొక్కుతూ పోతే చాలు, కాలిన తూటా ఖాళీని బయటికి విసిరి ఇంకో తూటాను ఆ తుపాకే ఎక్కించుకునేది. సర్కారు సొత్తును తాతలిచ్చిన ఆస్తిలాగా చూసుకునేవాడు. సాయంత్రాలు స్టేషన్ వరండాలో గోనెసంచి పరిచి, విప్పి తుడిచేవాడు. "జర పట్టుకో రా, బరువు చూడు" అని నా చేతికిచ్చేవాడు. ఆ మంచితనానికే నాకు ఇంకా మండేది. ట్రైనింగ్‌లో వాడికంటే నా గురే నయం, ఆ సంగతి వాడికీ తెలుసు. దాచడమెందుకు, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

ఆ ఏడాది ఫైరింగ్ ప్రాక్టీసుకు ఊరి బయట గుట్ట కిందికి తీసుకెళ్లారు. వాడికి కుడిపక్కన పడుకున్నాను. నేను మూడోసారి బోల్టు లాగేలోగా వాడు పది కాల్చేశాడు. వాడి తుపాకి విసిరిన ఖాళీ ఒకటి వచ్చి నా కాలర్‌లో పడింది. మెడ చురుక్కుమంది. అది చొక్కాలోపల జారి బెల్టు దగ్గర ఆగింది. ఉలిక్కిపడ్డానేమో, నా గుండు గురి తప్పి గుట్టకు తగిలింది. వెనక ఎవరో నవ్వారు.

కాల్చాక ఖాళీలన్నీ ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా మంచి తూటా దాచాడని అనుమానిస్తారు, నౌకరీకే ఎసరు. వాడికిచ్చిన తూటాలు ఇరవై. దొరికినవి పంతొమ్మిది.

వాడు మోకాళ్ల మీద పాకుతూ గడ్డి అంతా వెతికాడు. "గీడనే ఉంటది సార్, ఏడ పడ్డదో తెల్వదు" అని ఇన్‌స్పెక్టర్‌తో అంటున్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు గూడ చూడు రా, నీ చూపు మంచిది" అన్నాడు. నేనూ వెతికాను. బెల్టు దగ్గర ఆ ఇత్తడి గొట్టం నడుముకు గుచ్చుకుంటూనే ఉంది. సంతోషంగా ఉండింది, అబద్ధమెందుకు.

"తుపాకి ఇటియ్. పైకి రాస్త" అన్నాడు ఇన్‌స్పెక్టర్. వాడు తుపాకిని చొక్కా అంచుతో తుడిచి అందించాడు. అప్పుడు నాకు భయమేసింది. గడ్డిలోకి వంగి, చొక్కాలోంచి దాన్ని తీసి, లేచి, "దొరికింది సార్" అన్నాను. వాడు పరుగున వచ్చి నన్ను కావలించుకున్నాడు.

"నువ్వు లేకుంటే నా నౌకరీ పోతుండె రా!"

గదికొచ్చి స్నానానికి చొక్కా విప్పాను. నా మెడ మీద వేలెడంత కాలిన మచ్చ వాడి కంట పడింది.

"ఏంది రా గది?"

నేను నోరు తెరిచేలోగా వాడికే అర్థమైంది. కొబ్బరినూనె తెచ్చి మెల్లగా రాశాడు.

మర్నాడు సాయంత్రం వరండాలో తుపాకి విప్పి తుడుస్తున్నాడు. అలవాటుకొద్దీ వెళ్లి పక్కన కూర్చున్నాను. విప్పిన ముక్కలన్నిటినీ గోనెసంచితో సహా అవతలి పక్కకు జరుపుకున్నాడు.