అక్క అడిగిన అడవి చామంతి

1994 డిసెంబరు 11, ఆదివారం. నరసాపురం. ఇంట్లో ఉన్నవారు: అక్క (మంచం మీద), అమ్మ, బావగారు, పక్కింటి మామ్మగారు, నేను. (నా పాత డైరీలో ఈ వరసలో మొక్క పేరు కూడా రాసి, తర్వాత కొట్టేసినట్టు కనబడుతోంది.)

ఆ కాలంలో మా డెల్టా వాళ్ళకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఏది వాడిపోతున్నా నీళ్ళు పొయ్యడం. ముప్పై నిండని నాకూ అంతకుమించి తెలియదు. అక్క పదకొండేళ్ళు మారేడుమిల్లి వైపు బడిలో పాఠాలు చెప్పి, జబ్బు ముదిరాక బావగారితో మా ఇంటికి చేరింది. ఇక లేవదని డాక్టరుగారు గుమ్మం అవతల చెప్పారు. ఆమె అడిగింది ఒక్కటే: అక్కడ టేకుచెట్ల నీడన, రాళ్ళ సందుల్లో, ఎండుటాకులు కుళ్ళిన మట్టిలో పూసే ఊదారంగు అడవి చామంతి విచ్చుకుంటుంటే ఇంకొక్కసారి చూడాలని. సెలవు పెట్టి, బస్సులు మారి వెళ్ళి, మొగ్గతో ఉన్న మొక్కను వేళ్ళతో సహా తెచ్చి, కుండీలో నాటి ఆమె కిటికీలో పెట్టాను. "అక్కడ దాన్నెవరూ పట్టించుకోరురా. అందుకే పూస్తుంది," అంది అక్క. ఆ మాట డైరీలో ఎక్కింది గాని నా బుర్రకెక్కలేదు.

నాలుగో రోజు, అంటే పై తేదీన, పొద్దున చూస్తే కాడ మెత్తబడి, మొగ్గ విచ్చుకోకుండానే వేలాడిపోయింది. నేను డైరీ తెచ్చి, పూటకో గ్లాసు చొప్పున నీళ్ళు పోసిన వేళలన్నీ పైకి చదివి, నా తప్పేమీ లేదని నిరూపించబోయాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనూ రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోశాన్రా." బావగారు గొంతు సవరించుకున్నారు. "బలంగా ఉంటుందని గుప్పెడు యూరియా వేశానండి అత్తయ్యగారూ." మామ్మగారు గడపలోంచే అన్నారు. "నేను పోసింది దేవుడి తీర్థమే కదమ్మా! చెంబుడు."

అక్క కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టి, దగ్గు తెర వచ్చేదాకా నవ్వింది. "అందుకేరా నాకూ ఊపిరాడనిది! పాలంటారు, జావంటారు, కొబ్బరినీళ్ళంటారు. ఒక్కపూట నన్నిలా వదిలెయ్యండి బాబూ." ఆ సాయంత్రం నుంచి పిలవనిదే ఎవరమూ లోపలికి వెళ్ళలేదు. గుమ్మం బయట వరసగా కూర్చున్నాం.

మర్నాడు ఉదయం ఆరుంబావుకు గదిలోంచి పిలుపు. "ఏంటర్రా, ఇవాళ నాకెవరూ నీళ్ళు పొయ్యరా?" నలుగురం నాలుగు గ్లాసులతో ఒకేసారి గుమ్మంలో ఇరుక్కుపోయాం. "అక్క నాలుగు గుక్కలు తాగింది. రెండుసార్లు నవ్వింది," అని డైరీలో ఆ రోజు పేజీలో ఉంది. అంత పద్ధతిగా రాసేవాణ్ణి, ఎవరి గ్లాసు అందుకుందో రాయలేదు. నాదేనని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను. కాదనడానికి వాళ్ళెవరూ ఇప్పుడు లేరు.